ఇంగ్లీషు రాసేటప్పుడు క్యాపిటల్ లెటర్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మానాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆఫీసులో రోజూ ఇంగ్లీషులో మెయిల్స్, రిపోర్టులు రాస్తారు. ముఖ్యం అనిపించిన మాటకల్లా క్యాపిటల్ పెడుతున్నారు. మీ మేనేజరు వాటిలో సగం చిన్నవి చేసి, మీరు చిన్నగా రాసిన ఇంకొన్నిటిని పెద్దవి చేసి తిప్పి పంపుతున్నారు. దీనికి సూత్రమంటూ ఉందా, లేక ఎవరిష్టం వాళ్ళదా అని అడిగారు. నమూనాగా ఒక వాక్యం కూడా ఇచ్చారు: 'ది మేనేజర్ హ్యాజ్ అప్రూవ్డ్ ది లీవ్ ఫ్రమ్ మండే ఫర్ ది స్టాఫ్ ఆఫ్ హైదరాబాద్ ఆఫీస్'. అందులో మేనేజర్, అప్రూవ్డ్, లీవ్, స్టాఫ్ పెద్దక్షరాలతో, మండే మాత్రం చిన్నక్షరంతో రాశారు.

సూత్రం ఉంది. మాట ముఖ్యమైనదా అని చూడరు, అది పేరు అవునా కాదా అని చూస్తారు. పేరు అంటే ఒక మనిషికో, ఒక ఊరికో, ఒక సంస్థకో, ఒక పత్రానికో ప్రత్యేకంగా పెట్టుకున్న పేరు. ఆ రకం వాటన్నిటికీ వర్తించే మాటైతే చిన్నక్షరమే. వీటికి తోడు వాక్యంలో మొదటి మాట, 'నేను' అనే అర్థంలో వచ్చే 'ఐ' ఎప్పుడూ పెద్దవే. ఆఫీసు రాతలో వచ్చే సందేహాల్లో చాలావరకు ఇంతటితో తీరతాయి. మిగిలినవాటిలో కొన్ని వాడుకలో స్థిరపడిపోయినవి, కొన్ని ఒక్కో స్టైల్‌బుక్ (రాత పద్ధతులు చెప్పే పుస్తకం) ఒక్కోలా చెప్పేవి.

ఆ లెక్కన మీ వాక్యంలో పెద్దక్షరం రావలసినవి మూడే: వాక్యం మొదట్లో ఉన్న 'ది', వారం పేరు 'మండే', ఊరి పేరు 'హైదరాబాద్'. కంపెనీ కాగితాల్లో 'హైదరాబాద్ ఆఫీస్' అనేదే ఆ శాఖకు అధికారికంగా పెట్టిన పేరైతే 'ఆఫీస్'కీ పెద్దక్షరం ఇవ్వచ్చు. హైదరాబాదులో ఉన్న ఆఫీసు అని మాత్రమే అర్థమైతే అది చిన్నదే.

(ఇంగ్లీషు మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మన లిపిలో ఈ పెద్దచిన్నల తేడా కనిపించదు కాబట్టి ఏది పెద్దదో మాటల్లోనే చెబుతాను.)

మనవాళ్ళకు ఈ తప్పు ఎందుకొస్తుందో తెలిస్తే దిద్దుకోవడం తేలిక. తెలుగులో అక్షరాలకు పెద్ద రూపం, చిన్న రూపం అని రెండు లేవు. బళ్ళో పెద్ద ఏబీసీడీలు, చిన్న ఏబీసీడీలు దిద్దించి, వాక్యం మొదట్లో పెద్దది పెట్టమని చెప్పి వదిలేస్తారు. మిగతా ఖాళీని మనం మర్యాదతో నింపుకుంటాం. 'మీరు'కీ 'నువ్వు'కీ తేడా చూసే భాష మనది కదా, పైఅధికారికి రాసేటప్పుడు 'యు', 'యువర్' కూడా పెద్ద వైతో మొదలుపెడితే గౌరవంగా ఉంటుందనిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ మర్యాద లేదు. ఎంతటి పెద్దవారికి రాసినా వాక్యం మధ్యలో వచ్చే 'యు' చిన్న వైతోనే. జర్మన్‌లో మర్యాదకు వాడే 'మీరు'కి పెద్దక్షరం ఉంది, అక్కడ నామవాచకాలన్నిటికీ పెద్దక్షరమే. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు దాదాపు అలాగే రాసేవాళ్ళు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం రాతప్రతి చూడండి, నామవాచకాలు చాలావరకు పెద్దక్షరాలతోనే ఉంటాయి. తర్వాత ఆ అలవాటు పోయింది. మన కోర్టు కాగితాల ఇంగ్లీషులో దాని వాసన ఇంకా తగులుతూనే ఉంటుంది.

ఇంకో చిన్న కారణం కూడా ఉంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ వంటి పద్ధతుల్లో చిన్న టీ అంటే 'త', పెద్ద టీ అంటే 'ట'. పెద్ద ఎన్ అంటే 'ణ', పెద్ద ఎల్ అంటే 'ళ'. అక్కడ పెద్దక్షరం శబ్దానికి గుర్తు. ఆ చేతివాటం ఉన్నవాళ్ళు ఇంగ్లీషు ఉత్తరంలో మంగళగిరి రాసినా మధ్యలో పెద్ద ఎల్ పడిపోతుంది. ఇంగ్లీషులో ఊరి పేరుకు మొదటి అక్షరం ఒక్కటే పెద్దది.

పేరు అవునా కాదా అని తేల్చుకునే పద్ధతి. ఆ మాటకు ముందు 'ఒక' చేర్చి చూడండి, తర్వాత 'రెండు' చేర్చి చూడండి. ఒక కలెక్టరు, ఇద్దరు కలెక్టర్లు అనగలం. అంటే అది రకం. ఒక గుంటూరు, రెండు గుంటూర్లు అనం. అంటే పేరు. ఈ పరీక్ష ఒక్కచోట దెబ్బతింటుంది. 'రెండు సోమవారాలు' అని హాయిగా అంటాం, అయినా ఇంగ్లీషులో వారాలు, నెలలు పెద్దక్షరంతోనే రాయాలి. పండగలూ అంతే: 'సంక్రాంతి', 'ఉగాది', 'బక్రీద్'. రుతువులకు మాత్రం ఆ భాగ్యం లేదు. 'సమ్మర్', 'వింటర్', 'మాన్సూన్' చిన్నవే. సెలవు చీటీలో 'సమ్మర్ వెకేషన్' అని రాస్తే రెండు మాటలూ చిన్నక్షరాలతోనే ఉండాలి.

హోదాల దగ్గరే అసలు చిక్కు. నేను దిద్దే కాగితాల్లో ఎర్రగీతలు ఎక్కువ పడేది ఇక్కడే. హోదా ఎక్కడ కూర్చుందో చూడాలి.

పేరుకు ముందు, పేరులో భాగంగా వస్తే పెద్దక్షరం. 'చీఫ్ మినిస్టర్' అని రాసి వెంటనే ఆయన పేరు రాస్తే సీ, ఎం రెండూ పెద్దవి. ముందు 'మాజీ' అనే అర్థంలో 'ఫార్మర్' చేరిస్తే ఆ మాట మాత్రం చిన్నది. పేరు రాసి, కామా పెట్టి, ఆ తర్వాత హోదా చెబితే చిన్నక్షరం: పేరు, కామా, 'ది డిస్ట్రిక్ట్ కలెక్టర్ ఆఫ్ కృష్ణా'. ఇందులో పెద్దది కృష్ణా ఒక్కటే. హోదా ఒంటరిగా వచ్చినా చిన్నదే: 'ది కలెక్టర్ విజిటెడ్ ది స్కూల్'. 'ఐ స్పోక్ టు మై మేనేజర్' అన్నప్పుడు చిన్న ఎం పెడితే మేనేజరుగారిని చిన్నచూపు చూసినట్టు కాదు.

అదే హోదా ఉత్తరం పైన చిరునామాలోనూ, కింద సంతకం దిగువనా వస్తే పెద్దక్షరమే: 'ది డిస్ట్రిక్ట్ కలెక్టర్, గుంటూర్', 'అసిస్టెంట్ మేనేజర్, అకౌంట్స్'. అక్కడ అది వాక్యంలో భాగం కాదు, చిరునామా పలక. ఒకే ఉత్తరంలో 'మేనేజర్' పైన పెద్ద ఎంతో, మధ్యలో చిన్న ఎంతో, కింద మళ్ళీ పెద్ద ఎంతో కనబడుతుంది. చూసినవాళ్ళు కంగారుపడి అన్నీ ఒకేలా మార్చేస్తుంటారు. మార్చక్కర్లేదు, అదే సరైనది.

ప్రభుత్వ కార్యాలయాల దారి కొంచెం వేరు. భారత రాజ్యాంగం ఇంగ్లీషు పాఠంలో 'ప్రెసిడెంట్', 'గవర్నర్', 'పార్లమెంట్', 'స్టేట్' వాక్యంలో ఎక్కడ వచ్చినా పెద్దక్షరాలతోనే ఉంటాయి. జీవోల్లో 'గవర్నమెంట్' కూడా అంతే. మీరు సచివాలయంలోనో కలెక్టరేటులోనో పనిచేస్తుంటే ఆ పద్ధతినే పాటించండి, నా మాట విని మీ సెక్షన్ ఆఫీసరుతో తగువు పెట్టుకోకండి. పత్రికలకు, ప్రైవేటు సంస్థలకు, విదేశీ యూనివర్సిటీలకు రాసేటప్పుడు మాత్రం పైన చెప్పిన లెక్క.

సంస్థల పేర్లకూ ఇదే తూకం. 'గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ' అధికారిక పేరు కాబట్టి జీ, టీ పెద్దవి, మధ్యలో 'ఆఫ్' చిన్నది. 'ది తెలంగాణ గవర్నమెంట్' అంటే తెలంగాణలో ఉన్న ప్రభుత్వం అని వర్ణన మాత్రమే, అక్కడ జీ చిన్నది. 'ఉస్మానియా యూనివర్సిటీ' రెండు మాటలూ పెద్దవి; తర్వాతి వాక్యంలో ఒట్టి 'ది యూనివర్సిటీ' అన్నప్పుడు చిన్నది. తమ గురించి తాము రాసుకునే కాగితాల్లో విశ్వవిద్యాలయాలు, కంపెనీలు 'ది యూనివర్సిటీ', 'ది కంపెనీ' అని పెద్దక్షరంతో రాసుకోవడం ఉంది. అది వాళ్ళ ఇంటి ఆచారం.

దస్తావేజుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు చూసే ఇంగ్లీషులో వాటి వాటా పెద్దది. అమ్మకం దస్తావేజు మొదట్లో అమ్మేవారి పేరు, ఊరు రాసి 'ఇకపై వెండర్ అని పిలవబడును' అన్న అర్థంలో ఒక మాట ఉంటుంది. కొనేవారికి 'పర్చేజర్', ఆస్తికి 'షెడ్యూల్ ప్రాపర్టీ' అని ఇలాగే పేర్లు పెడతారు. ఆ పత్రం వరకు అవి పేర్లయ్యాయి కాబట్టి చివరిదాకా పెద్దక్షరాలతో నడవాలి. ఒక పేరాలో పెద్ద వీ, ఇంకో పేరాలో చిన్న వీ పెడితే, రెండోది ఆ మనిషి గురించేనా లేక ఎవరో అమ్మకందారు గురించా అన్న పేచీకి తావిచ్చినట్టే. ఈ పద్ధతిని మెయిల్లోకి తెచ్చుకోకండి. మెయిల్లో మీరు ఎవరికీ అలా పేరు పెట్టలేదు, కాబట్టి 'క్లయింట్', 'ప్రాజెక్ట్', 'ఇన్‌వాయిస్', 'పేమెంట్' అన్నీ చిన్నవే.

బంధుత్వాలకు ఒక చిట్కా చాలు. ముందు 'మై', 'హిజ్', 'అవర్' వంటి మాట ఉంటే చిన్నక్షరం, బంధుత్వమే పేరుగా నిలబడితే పెద్దక్షరం. 'మై మదర్ కాల్డ్' అంటే చిన్న ఎం. 'ఐ ఆస్క్‌డ్ మామ్' అంటే పెద్ద ఎం. 'అంకుల్' వెనకే పేరు వస్తే పెద్ద యు. 'గారు'ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాల్సి వస్తే నేను చిన్న జీతో, పేరుకు కాస్త ఎడంగా రాస్తాను. దీనికి ఇంగ్లీషు వ్యాకరణంలో రూలు వెతకకండి. ఒక పద్ధతి ఎంచుకుని ఉత్తరమంతా దాన్నే పాటిస్తే చాలు.

పేర్ల గురించి ఇంకొక్క మాట. 'రామారావు' ఒకే మాటగా రాస్తే మొదటి ఆర్ ఒక్కటే పెద్దది. విడదీసి రెండు మాటలుగా రాస్తే రెండు ఆర్‌లూ పెద్దవి. కలిపి రాసి మధ్యలో ఆర్ పెద్దది చేయడం రెండింటికీ చెడినట్టు. ఏది రాయాలో మీ పదో తరగతి సర్టిఫికెట్ చూసి తేల్చుకుందామంటే అందులో పేరు మొత్తం పెద్దక్షరాల్లో ఉండవచ్చు. పాస్‌పోర్టులోనూ అంతే. అప్పుడు అక్షరాల సైజు సంగతి వదిలేసి, మధ్యలో ఖాళీ ఉందా లేదా అని చూడండి. ఖాళీ ఉంటే రెండు మాటలు.

దిక్కులు త్వరగా తేలిపోతాయి. దిశ చూపితే చిన్నది, ప్రాంతం పేరైతే పెద్దది. రెండు కిలోమీటర్లు 'నార్త్' వెళ్ళమంటే చిన్న ఎన్. 'సౌత్ ఇండియా', 'ఈస్ట్ గోదావరి', 'ఈస్టర్న్ ఘాట్స్' పేర్లు కాబట్టి అన్ని మాటలూ పెద్దవి. 'ఈస్టర్న్ తెలంగాణ' అంటే తెలంగాణలో తూర్పు వైపు అని మాత్రమే కాబట్టి మొదటి ఈ చిన్నది.

రెజ్యూమె రాసేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. భాషల పేర్లు, జాతుల పేర్లు, వాటి నుంచి పుట్టిన విశేషణాలు ఎప్పుడూ పెద్దవే: 'ఇంగ్లీష్', 'తెలుగు', 'ఇండియన్'. మిగతా సబ్జెక్టులు చిన్నవి: 'ఫిజిక్స్', 'హిస్టరీ', 'మ్యాథమెటిక్స్'. ఒకే వరసలో 'తెలుగు, ఇంగ్లీష్, ఫిజిక్స్' అని రాస్తే మొదటి రెండూ పెద్దవి, మూడోది చిన్నది. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నా అదే ఒప్పు. అదే సబ్జెక్టు సిలబస్‌లో 'ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ టూ' అని ఒక కోర్సు పేరుగా ఉంటే మళ్ళీ పెద్దక్షరాలు వస్తాయి.

డిగ్రీని పూర్తి పేరుతో చెబితే పెద్దది, మామూలు మాటగా చెబితే చిన్నది. 'బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ'లో బీ, టీ పెద్దవి. 'ఎ బ్యాచిలర్స్ డిగ్రీ', 'ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్' అంటే అన్నీ చిన్నవి. పొట్టి రూపాల్లో 'పీహెచ్‌డీ'కి పీ, డీ పెద్దవి, మధ్యలో హెచ్ చిన్నది. 'బీఎస్సీ', 'ఎంఎస్సీ'ల్లో చివరి సీ చిన్నది, ఎందుకంటే అది 'సైన్స్' అనే మాటలోని రెండో అక్షరమే కానీ వేరే మాట కాదు. 'ఎంబీబీఎస్' అన్నీ పెద్దవి.

సాఫ్ట్‌వేర్ పేర్లు వాటి యజమానులు ఎలా రాసుకుంటే అలాగే రాయాలి. 'జావాస్క్రిప్ట్'లో జే, ఎస్ రెండూ పెద్దవి. 'గిట్‌హబ్'లో జీ, హెచ్ పెద్దవి. 'లింక్డ్‌ఇన్'లో ఎల్, ఆ తర్వాత 'ఇన్'లోని ఐ పెద్దవి. 'మైఎస్‌క్యూఎల్'లో ఎం పెద్దది, వై చిన్నది, చివరి మూడూ పెద్దవి. తనకు వచ్చునని చెప్పుకున్న పరికరం పేరే తప్పు రాస్తే ఎదుటివాడికి అనుమానం రాదా మరి. 'ఐఫోన్' వంటి పేరు చిన్న ఐతో మొదలవుతుంది, వాక్యం మొదట్లో దాన్ని పెడితే ఎటు రాసినా ఇబ్బందే. వాక్యాన్ని తిప్పి ఆ మాటను మధ్యలోకి జరపండి.

తిండి పేర్లకు ఒక్క ముక్క: 'ఇడ్లీ', 'దోశ', 'పెసరట్టు' చిన్నవి. ఊరి పేరు తగిలితే ఆ ఊరి పేరు మాత్రమే పెద్దది. హైదరాబాదీ బిర్యానీలో హెచ్ పెద్దది, బీ చిన్నది. బంగినపల్లి మామిడికీ, పోచంపల్లి ఇకత్‌కీ అదే కొలత.

పైవాటిలో తప్పు రాస్తే చూడ్డానికి బాగోదు, అంతే. కొలతల్లో తప్పు రాస్తే అర్థమే మారుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో కొలత పేరు పూర్తిగా రాసినప్పుడు చిన్నక్షరమే, అది శాస్త్రవేత్త పేరు మీద పుట్టినదైనా సరే: 'వాట్', 'వోల్ట్', 'యాంపియర్', 'న్యూటన్'. గుర్తుగా ఒక్క అక్షరం రాసినప్పుడు మనిషి పేరు మీద వచ్చినవి పెద్దవవుతాయి: డబ్ల్యూ, వీ, ఏ, ఎన్. 'డిగ్రీ సెల్సియస్'లో సెల్సియస్‌కి పూర్తిగా రాసినా పెద్ద సీయే, అది మినహాయింపు.

'కిలో'కి గుర్తు చిన్న కే. కాబట్టి కిలోగ్రాము, కిలోమీటరు గుర్తుల్లో రెండక్షరాలూ చిన్నవే. దుకాణాల బోర్డుల మీద, దారి పక్క పలకల మీద రెండూ పెద్దవిగా కనిపిస్తాయి కానీ రిపోర్టులో అలా రాయకూడదు. కరెంటు లెక్కలో ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. దాని గుర్తులో కే చిన్నది, డబ్ల్యూ పెద్దది, హెచ్ చిన్నది. ఇక పెద్ద ఎం అంటే 'మెగా', చిన్న ఎం అంటే 'మిల్లీ'. ఎం పెద్దదైతే మెగావాట్, చిన్నదైతే మిల్లీవాట్, రెంటికీ తేడా వంద కోట్ల రెట్లు. సోలార్ ప్లాంటు ప్రతిపాదనలో ఈ ఒక్క అక్షరం జారితే ప్లాంటు కాస్తా బొమ్మ కారు బ్యాటరీకి కూడా చాలదు.

ఇంటర్నెట్ వేగంలోనూ ఇలాగే. చిన్న బీ బిట్, పెద్ద బీ బైట్, ఎనిమిది బిట్లు ఒక బైట్. సెకనుకు 100 మెగాబిట్ల కనెక్షన్‌లో ఫైలు సెకనుకు అటూఇటూగా 12.5 మెగాబైట్ల చొప్పునే దిగుతుంది. లీటరుకు చిన్న ఎల్, పెద్ద ఎల్ రెండూ చెల్లుతాయి. చిన్న ఎల్ ఒకటి అంకెలా కనబడుతుందనే 1979లో పెద్దదాన్ని కూడా ఒప్పుకున్నారు. మందుల మోతాదులు రాసేచోట పెద్దదే మంచిది.

రసాయన గుర్తుల్లో మొదటి అక్షరం పెద్దది, రెండోది ఉంటే చిన్నది. సీ పెద్దది, ఓ చిన్నది అయితే కోబాల్ట్. రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్. జీవుల శాస్త్రీయ నామాల్లో మొదటి మాట పెద్దక్షరంతో, రెండోది చిన్నక్షరంతో, రెండూ వాలు అక్షరాల్లో రాస్తారు. వరి పేరు 'ఒరైజా సటైవా'లో ఓ పెద్దది, ఎస్ చిన్నది. అగ్రికల్చర్ విద్యార్థుల థీసిస్‌లో రెండు మాటలూ పెద్దవిగా కనిపించడం మామూలు. శీర్షికలో వచ్చినా రెండో మాట చిన్నగానే ఉండాలి.

శీర్షికలు. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి, రెండూ ఒప్పే. ఒకదాంట్లో శీర్షికను మామూలు వాక్యంలా రాస్తారు: మొదటి మాట, పేర్లు మాత్రమే పెద్దవి. రెండోదాంట్లో ముఖ్యమైన మాటలన్నీ పెద్దవి, 'ఎ', 'యాన్', 'ది', 'అండ్', 'లేదా' అనే అర్థంలో వచ్చే 'ఆర్', 'ఆఫ్', 'ఇన్', 'టు' వంటివి చిన్నవి. మొదటి మాట, చివరి మాట మాత్రం ఏదైనా పెద్దదే. ఈ రెండో పద్ధతిలో అందరూ జారిపడే చోటు 'ఈజ్', దాని బహువచనం 'ఆర్', 'బీ'. చూడ్డానికి పొట్టివి కాబట్టి చిన్నవి చేసేస్తారు. అవి క్రియలు, పెద్దక్షరమే కావాలి. 'ఇట్', 'హిజ్' కూడా అంతే.

'విత్', 'ఫ్రమ్', 'బిట్వీన్' వంటి విభక్తి మాటల దగ్గర స్టైల్‌బుక్కులు విడిపోతాయి. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో నాలుగక్షరాలు, అంతకు మించిన మాటలన్నీ పెద్దవి. ఇంకో అమెరికన్ స్టైల్‌బుక్ షికాగో మాన్యువల్ చాలాకాలం ఈ విభక్తి మాటల్ని ఎంత పొడుగున్నా చిన్నగానే ఉంచింది. 2024లో వచ్చిన 18వ ముద్రణలో ఐదక్షరాలు, ఆ పైవాటిని పెద్దవి చేయమంది. అంటే 'విత్' ఏపీఏలో పెద్దది, షికాగోలో చిన్నది. 'బిట్వీన్' ఇప్పుడు రెండింట్లోనూ పెద్దది. థీసిస్ అయితే మీ యూనివర్సిటీ ఏది అడిగిందో ముందు కనుక్కోండి. ఏపీఏలో ఇంకో మెలిక ఉంది. పేజీ పైన శీర్షిక రెండో పద్ధతిలో ఉంటుంది కానీ, చివర్లో ఇచ్చే గ్రంథాల పట్టికలో వ్యాసాల, పుస్తకాల పేర్లు మొదటి పద్ధతిలో రాయాలి.

మెయిల్ సంగతి. 'డియర్ సర్' తర్వాత కామా వచ్చినా కింది వరస పెద్దక్షరంతోనే మొదలవుతుంది. ముగింపులో మొదటి మాట ఒక్కటే పెద్దది: 'యువర్స్ సిన్సియర్లీ'లో ఎస్ చిన్నది, 'థ్యాంక్స్ అండ్ రిగార్డ్స్'లో ఆర్ చిన్నది. కోలన్ తర్వాత బ్రిటిష్ పద్ధతిలో చిన్నక్షరం. అమెరికా పద్ధతుల్లో కోలన్ తర్వాత పూర్తి వాక్యం వస్తే ఏపీఏ పెద్దక్షరం అడుగుతుంది. సెమీకోలన్ తర్వాత ఎక్కడైనా చిన్నదే. మెయిల్ మొత్తం పెద్దక్షరాల్లో పంపితే చదివేవాళ్ళకు మీరు అరుస్తున్నట్టుంటుంది. బ్యాంకు ఫారాల్లో అలా నింపమంటారు కాబట్టి అక్కడ నింపండి, ఆ అలవాటు అక్కడే వదిలిపెట్టండి.

కాలంతో మారేవీ ఉన్నాయి. 'ఇంటర్నెట్' ఒకప్పుడు పెద్ద ఐతో రాసేవారు. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు 2016 జూన్ నుంచి చిన్న ఐకి మారారు. పాత పుస్తకంలో పెద్దది కనబడితే అది తప్పు కాదు, పాతది.

ఇక కంప్యూటర్ చేసే తప్పులు. మీ మేనేజరు దిద్దేవాటిలో కొన్ని అసలు మీరు చేసినవే కాకపోవచ్చు. వర్డ్‌లో చుక్క తర్వాత వచ్చే అక్షరాన్ని అదే పెద్దది చేసేస్తుంది. రూపాయలకు వాడే పొట్టి రూపం తర్వాతో, ఇంకేదైనా పొట్టి మాట తర్వాతో చుక్క పెట్టినప్పుడు వాక్యం అయిపోయిందనుకుంటుంది. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఎక్సెప్షన్స్ నొక్కితే ఒక జాబితా వస్తుంది. మీరు తరచూ వాడే పొట్టి మాటల్ని అందులో చేర్చుకోండి. టేబుల్ గడుల్లో మొదటి అక్షరం పెద్దది చేసే గుర్తు కూడా అక్కడే ఉంటుంది. కొలతల గుర్తులు గడుల్లో నింపేవాళ్ళు దాన్ని తీసేయడం మంచిది. లేకపోతే కిలోగ్రాము చిన్న కే కాస్తా పెద్దదైపోతుంది.

మాటల్ని ఎంచుకుని షిఫ్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కుతూ పోతే అన్నీ చిన్నవి, అన్నీ పెద్దవి, మొదటివి పెద్దవి అలా మారుతుంటాయి. శీర్షికలకు ఇది సగం పనే చేస్తుంది: 'ఆఫ్', 'ది' కూడా పెద్దవైపోతాయి, వాటిని చేత్తో దిద్దుకోవాలి. ఎక్సెల్‌లో 'ప్రాపర్' ఫంక్షన్ ఇంకా మొండిది. అక్షరం కాని గుర్తు ఏది వచ్చినా, దాని తర్వాతి అక్షరాన్ని పెద్దది చేస్తుంది. అపాస్ట్రఫీ తర్వాత ఎస్ పెద్దదవుతుంది, 2 పక్కన ఉన్న ఎన్ పెద్దదవుతుంది. 'ఎన్టీఆర్' అన్నీ పెద్దక్షరాల్లో ఉంటే మొదటి ఎన్ ఉంచి మిగతా రెండూ చిన్నవి చేస్తుంది. సర్టిఫికెట్ల కోసం పేర్ల పట్టిక తయారుచేసేవాళ్ళు ఇంటిపేరు పొడి అక్షరాల్ని వేరే గడిలో ఉంచి, పేరు గడికి మాత్రమే 'ప్రాపర్' వాడి, తర్వాత రెండింటినీ కలపండి.

ఇప్పటికే రాసిన రిపోర్టుల్లో 'మేనేజర్' వంటివి దిద్దాలంటే వర్డ్‌లో కంట్రోల్ హెచ్ నొక్కి, 'మోర్' లోపల 'మ్యాచ్ కేస్' గుర్తు పెట్టి, పెద్ద ఎం ఉన్నదాన్ని వెతికించి చిన్న ఎంకి మార్చండి. 'రీప్లేస్ ఆల్' మాత్రం నొక్కకండి. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళండి, లేకపోతే పైన చిరునామాలోదీ, కింద సంతకం దగ్గరదీ, వాక్యం మొదట్లోదీ కూడా చిన్నవైపోతాయి.